తక్కువ ధర కండెన్సర్ మైకులో ‘స’ చెవిలో ఎందుకు గుచ్చుకుంటుంది? విప్పి సరిచేసే పద్ధతి

ఇవాళ్టి ఎపిసోడ్‌లో టేబుల్ మీద ఒక తక్కువ ధర కండెన్సర్ మైకు ఉంది. పక్కన సోల్డరింగ్ ఐరన్, చిన్న స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, రెండు మూడు కెపాసిటర్లు ఉన్నాయి. కెపాసిటర్ల ఖర్చు పదుల రూపాయల్లోనే. ఈ మైకులో వచ్చే గరుకుదనం ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు, ఎక్కడ ఆగిపోవాలి, ఇదంతా వరుసగా చూద్దాం.

ముందుగా ఈ మైకు ఎవరిదో చెప్పాలి. మన ఛానెల్ చూసే ఒక రిటైర్డ్ టీచరమ్మ గారిది. చూపు లేని విద్యార్థుల కోసం ఆవిడ డిగ్రీ పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తారు. పిల్లలు ఆ ఆడియోని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజుకు నాలుగైదు గంటలు వింటారు. పరీక్షల ముందు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగం పెట్టుకుని మరీ వింటారు. వాళ్ళలో ఒకబ్బాయి, “మేడమ్, మీ గొంతు బాగుంటుంది, కానీ గంట దాటితే స, శ, చ వచ్చినప్పుడల్లా చెవి నొప్పి పుడుతోంది” అన్నాడట. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: “బాబూ, దీన్ని బాగు చేయొచ్చా, లేక కొత్తది కొనాలా?”

చాలామంది ఇదే అడుగుతుంటారు. పాటలు పాడేవాళ్ళయితే మిక్సింగ్‌లో సరిచేసుకుంటారు. గంటల తరబడి వినే పాఠానికి మాత్రం ఈ గరుకుదనం చిన్న విషయం కాదు.

విప్పే ముందు చూసుకోవాల్సినవి

మైకు మీద స్క్రూడ్రైవర్ పెట్టే ముందు మూడు విషయాలు చూడండి. సగం సమస్యలు ఇక్కడే తేలిపోతాయి.

మొదటిది కరెంటు. కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. బీఎం-800 లాంటి మైకులతో చాలాసార్లు ఒక చివర ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న కేబుల్ ఇస్తారు. దాన్ని నేరుగా కంప్యూటర్‌కి గుచ్చితే మైకుకి అందేది రెండు నుంచి ఐదు వోల్టులే. 48 మీద పనిచేయాల్సిన బోర్డు ఐదు వోల్టుల మీద ఎలా పాడుతుంది? శబ్దం చిన్నగా వస్తుంది, హిస్ పెద్దగా వస్తుంది. మీ పరిస్థితి ఇదే అయితే మీకు కావాల్సింది మోడ్ కాదు. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ గానీ, ఫాంటమ్ పవర్ ఇచ్చే డబ్బా గానీ తెచ్చుకోండి.

రెండోది గది. నాలుగు గోడలు ఖాళీగా ఉండి, కింద టైల్స్ ఉంటే ఎంత ఖరీదైన మైకు పెట్టినా డబ్బాలో మాట్లాడినట్టే ఉంటుంది. చప్పట్లు కొట్టి చూడండి. ‘టింగ్’ మని తిరిగి వస్తే ముందు పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా, వీటి సాయం తీసుకోండి.

మూడోది మైకు పెట్టే తీరు. నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, ఒక జానెడు దూరంలో పెట్టండి. ‘స’ పలికినప్పుడు గాలి, శబ్దం రెండూ ముందుకు సూటిగా దూసుకుపోతాయి. పదిహేను ఇరవై డిగ్రీలు పక్కకు తిప్పితే ఆ పదును కొంత తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

టీచరమ్మ గారి విషయంలో ఈ మూడూ సరిగ్గానే ఉన్నాయి. అయినా గుచ్చుకోవడం పోలేదు. కాబట్టి లోపలికి వెళ్దాం.

లోపల ఏముంది?

కండెన్సర్ అంటే కెపాసిటరే, పాత పేరు అంతే. ముందు పల్చని ప్లాస్టిక్ పొర, దాని మీద బంగారు పూత ఉంటుంది. మంచి పెద్ద క్యాప్సూల్‌లో ఆ పొర మందం సుమారు 6 మైక్రాన్లు. మన తల వెంట్రుక దానికి సుమారు పది రెట్లు మందం. ఆ పొర వెనకే కాస్త ఎడంగా ఒక లోహపు పలక. రెండూ కలిసి ఒక కెపాసిటర్. మనం మాట్లాడితే పొర కదులుతుంది, దూరం మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ మారుతుంది. అందులో ముందే విద్యుదావేశం నిలిపి ఉంచితే ఆ మార్పు వోల్టేజీ మార్పుగా బయటికి వస్తుంది.

ఆ ఆవేశం ఎలా నిలుపుతారన్న దాన్ని బట్టి రెండు రకాలు. ఒకటి ఎలెక్ట్రెట్. ఇందులో ఆవేశం తయారీలోనే శాశ్వతంగా ఉండిపోతుంది. బీఎం-800 పేరుతో రకరకాల బ్రాండ్ల మీద అమ్మే మైకుల్లో చాలావాటిలో ఉండేది ఇదే. బయట జాలీ పెద్దగా కనబడుతుంది గానీ, లోపల క్యాప్సూల్ ఒకటిన్నర సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రెండోది బయటి నుంచి వోల్టేజీ ఇవ్వాల్సిన అసలు కండెన్సర్. దీని క్యాప్సూల్ సుమారు 34 మిల్లీమీటర్లు, అంటే మన పాత రూపాయి బిళ్ళ కంటే పెద్దది. టీచరమ్మ గారి మైకులో ఉన్నది ఈ రెండో రకం. జాలీ తీయగానే తెలిసిపోయింది.

క్యాప్సూల్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని ముందుగా జెఫెట్ అనే ట్రాన్సిస్టర్ అందుకుంటుంది. దానికి గేట్, సోర్స్, డ్రెయిన్ అని మూడు కాళ్ళు. సోర్స్ వైపు ఒకటి, డ్రెయిన్ వైపు ఇంకొకటి సమానమైన రెసిస్టర్లు పెట్టి, ఒకే సిగ్నల్‌ని ఎదురెదురు దిశల్లో రెండుగా తీస్తారు. ఆ రెండూ రెండు కెపాసిటర్ల గుండా రెండు ట్రాన్సిస్టర్లలోకి, అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ రెండో పిన్ను, మూడో పిన్నులోకి వెళ్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. జర్మనీకి చెందిన షాప్స్ కంపెనీ సర్క్యూట్ తరహాలో ఉంటుంది కాబట్టి దీన్ని అందరూ షాప్స్ సర్క్యూట్ అని పిలుస్తారు. చవక మైకుల్లో ఎక్కువగా కనబడేది ఇదే.

మరి తప్పు ఎక్కడుంది?

ఇక్కడ కొంచెం చరిత్ర కావాలి. న్యూమన్ కంపెనీ 1960లో యూ67 అనే ట్యూబ్ మైకు తెచ్చింది. దాని క్యాప్సూల్ పేరు కే67. ఈ క్యాప్సూల్‌లో పై శబ్దాలు, అంటే 8, 10 కిలోహెర్ట్జ్ ప్రాంతం, కావాలనే పైకి లేచి ఉంటాయి. న్యూమన్ ఇంజినీర్లు దాన్ని అలా వదిలేయలేదు. ఆంప్లిఫయర్‌లో ఆ పై శబ్దాలను తిరిగి అంతే మేరకు కిందికి దించారు. దీనివల్ల ఆంప్లిఫయర్‌లో పుట్టే హిస్ కూడా దాంతోపాటు కిందికి దిగుతుంది. 1967లో వచ్చిన యూ87లోనూ ఇదే ఆలోచన.

దీన్ని మన ఆవకాయతో పోల్చుకోవచ్చు. ఆవకాయలో ఉప్పూ కారం ఎక్కువే వేస్తాం. ఎందుకంటే అది అన్నంలో కలుపుకుని తినేది. ఆ లెక్క అన్నంతో కలిపి వేసింది. అన్నం తీసేసి ఆవకాయ ఒక్కటే తినమంటే నాలుక మండుతుంది. అది ఆవకాయ తప్పు కాదు కదా!

చవక మైకుల్లో జరిగింది ఇదే. క్యాప్సూల్ కే67 నమూనాది. సర్క్యూట్ మాత్రం షాప్స్ తరహాది. షాప్స్ వాళ్ళ చిన్న క్యాప్సూళ్ళు వాటికవే సమంగా ఉంటాయి కాబట్టి ఆ సర్క్యూట్‌లో పై శబ్దాలను దించే ఏర్పాటు అక్కర్లేదు. రెండూ మంచివే. కానీ ఒకదాని క్యాప్సూల్‌ని ఇంకోదాని సర్క్యూట్‌కి తగిలిస్తే, లేచిన పై శబ్దాలు లేచినట్టే బయటికి వస్తాయి. మన తెలుగులో ‘స’ పలికినప్పుడు బలం ఎక్కువగా 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్యే ఉంటుంది. సరిగ్గా అక్కడే ఈ మైకు నాలుగైదు డెసిబెల్లు ఎక్కువ ఇస్తుంది. అబ్బాయి చెవి నొప్పికి కారణం ఇదీ.

ఈక్వలైజర్‌తో తగ్గించుకోలేమా?

తగ్గించుకోవచ్చు. నిజం చెప్పాలంటే ముందు అదే ప్రయత్నించండి. 6 కిలోహెర్ట్జ్ పైన ఒక షెల్ఫ్ పెట్టి మూడు నాలుగు డెసిబెల్లు దించండి. అది చాలితే మైకు విప్పనే వద్దు. మోడ్ చేసే కెపాసిటర్ చేసేదీ దాదాపు అదే పని.

అయితే విప్పడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, టీచరమ్మ గారిలా చిన్న రికార్డర్‌లో రికార్డు చేసి, ఎడిటింగ్ లేకుండా నేరుగా పంపేవాళ్ళు. ఆవిడ రోజుకు ముప్పై పేజీలు చదువుతారు. ప్రతి ఫైలూ కంప్యూటర్‌లో తెరవడం అయ్యే పని కాదు. రెండు, ఈక్వలైజర్‌కి అందని లోపాలు. జాలీలో తిరిగే ప్రతిధ్వని, గొట్టం మోగడం, తేమకి వచ్చే చిటపటలు సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా పోవు.

పని మొదలుపెడదాం

ఫాంటమ్ ఆపి, కేబుల్ తీసేసి, ఐదు నిమిషాలు ఆగండి. లోపలి కెపాసిటర్లు ఖాళీ అవ్వాలి. ఇప్పుడు కింద ఉన్న రింగ్ తిప్పితే గొట్టం జారి వస్తుంది. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ వైరు ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.

క్యాప్సూల్ మీద వేలు పెట్టకండి, నోటితో ఊదకండి. ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది, పొర మీద మచ్చ అలాగే ఉండిపోతుంది. శుభ్రమైన చిన్న ప్లాస్టిక్ మూత ఒకటి దాని మీద బోర్లించి పని చేయండి.

మొదటి పని గొట్టం. ఖాళీ గొట్టాన్ని వేలుగోరుతో కొడితే గంటలా ‘ణంగ్’ మంటుంది. లోపలి గోడకి బ్యూటైల్ టేప్ ముక్కలో, బంకమట్టిలా ఉండే అతికించే పుట్టీనో రెండు చోట్ల అంటించండి. బోర్డుకి తగలకూడదు. మళ్ళీ కొడితే ‘టప్’ మనాలి. క్యాప్సూల్ కింద ఉన్న బల్లపరుపు చోట పల్చని ఫెల్ట్ గుడ్డ ముక్క అంటిస్తే అక్కడి నుంచి తిరిగి కొట్టే శబ్దం కూడా తగ్గుతుంది.

రెండో పని జాలీ. చవక మైకుల్లో రెండు మూడు పొరల జాలీ ఉంటుంది. బయటిది మందం, లోపలిది బాగా సన్నం. శబ్దం ఆ పొరల మధ్య కొట్టుకుని డబ్బాలో మాట్లాడినట్టు వస్తుంది. లోపలి సన్న పొర తీసేస్తే గొంతు తెరుచుకుంటుంది. అయితే ప, ఫ, భ పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ పెరుగుతుంది కాబట్టి బయట పాప్ ఫిల్టర్ తప్పనిసరి. బయటి జాలీ మాత్రం తీయకండి. అది గ్రౌండ్‌కి కలిసి ఉండి, బయటి హమ్ లోపలికి రాకుండా కాపాడుతుంది. బిగించాక మల్టీమీటర్‌తో జాలీకీ ఎక్స్‌ఎల్‌ఆర్ ఒకటో పిన్నుకీ మధ్య కంటిన్యుటీ ఉందో లేదో చూసుకోండి.

మూడోది అసలు పని, పై శబ్దాలను దించే కెపాసిటర్. జెఫెట్ మీద ఉన్న నంబర్ చూసి దాని డేటాషీట్ తెరవండి. సోర్స్ ఏదో, డ్రెయిన్ ఏదో గుర్తుపట్టండి. ఆ రెండు కాళ్ళ మధ్య బోర్డు అడుగున ఒక చిన్న ఫిల్మ్ కెపాసిటర్ సోల్డర్ చేయాలి. కింది శబ్దాలకు అది అడ్డుగోడలా ఉంటుంది, వాటి జోలికి పోదు. పైకి వెళ్ళేకొద్దీ దారి ఇస్తుంది, కాబట్టి ఎదురెదురు దిశల్లో ఉన్న సిగ్నళ్ళు ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటాయి.

విలువ ఎంత? అది జెఫెట్‌ని బట్టి మారుతుంది. 10 నానోఫారడ్‌లతో మొదలుపెట్టండి. ఈ మైకులో 10 పెడితే తేడా పెద్దగా తెలియలేదు. 22 పెడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్లు దిగింది, 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక డెసిబెల్. ఇంకా పెంచితే ‘స’తో పాటు మాట స్పష్టత కూడా పోతుంది. పాఠం చదివేవాళ్ళకి అది ఇంకా పెద్ద నష్టం. అందుకే 22 దగ్గర ఆగాను. మీ బోర్డులో ఇలాంటిది ముందే ఉంటే మాత్రం ఇంకోటి పెట్టకండి.

నాలుగోది జెఫెట్ నుంచి ట్రాన్సిస్టర్లకు వెళ్ళే దారిలో ఉన్న రెండు కెపాసిటర్లు. అక్కడ సాధారణ సిరామిక్‌వి ఉంటే, వోల్టేజీ మారినప్పుడల్లా వాటి విలువ కాస్త మారుతుంది, తట్టితే శబ్దం కూడా పుట్టిస్తాయి. అదే విలువ ఉన్న ఫిల్మ్ కెపాసిటర్లు పెడితే మేలు. రెండూ ఒకేసారి, ఒకే రకం మార్చాలి. ఈ తేడా చాలా చిన్నది. గొట్టంలో చోటు లేకపోతే వదిలేయండి, పెద్దగా పోయేదేమీ లేదు. హైదరాబాద్ వాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నై వాళ్ళకి రిచీ స్ట్రీట్‌లో ఇవన్నీ దొరుకుతాయి.

శుభ్రం, తేమ

ఐదో పనిని చాలామంది పట్టించుకోరు. మన కోస్తా జిల్లాల వాళ్ళు మాత్రం బాగా వినండి. క్యాప్సూల్ నుంచి గేట్‌కి వచ్చే చోట ఒక గిగాఓమ్, అంటే వంద కోట్ల ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. క్యాప్సూల్ కెపాసిటెన్స్ 70 పికోఫారడ్‌లు అనుకుందాం. ఈ రెండిటి లెక్క ప్రకారం మైకు సుమారు 2.3 హెర్ట్జ్ దాకా కింది శబ్దం పట్టగలదు. ఇప్పుడు ఆ చోట మీ వేలి చెమట గానీ, సోల్డరింగ్‌లో మిగిలిన ఫ్లక్స్ గానీ ఉండి, వానాకాలం తేమ పట్టిందనుకోండి. ఆ మరక గుండా కరెంటు కారి, మొత్తం నిరోధం కోటి ఓమ్‌లకి పడిపోతే ఆ హద్దు 230 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది. గొంతులో నిండుదనం పోతుంది, హిస్ పెరుగుతుంది, మధ్యమధ్యలో చిటపటలు వస్తాయి. జనం దాన్ని మైకు పాడైపోయిందనుకుంటారు.

కాబట్టి పని అయ్యాక ఆ చోటుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్ పెట్టి తుడవండి. క్యాప్సూల్ మీద చుక్క కూడా పడకూడదు. శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి. పూర్తిగా ఆరాకే ఫాంటమ్ ఇవ్వండి. రోజూ పని అవ్వగానే మైకుని సిలికా జెల్ ప్యాకెట్లు వేసిన మూత గట్టి డబ్బాలో పెట్టండి.

తేడా నిజమేనా అని తేల్చుకోవడం

మన చెవి మనల్ని సులువుగా మోసం చేస్తుంది. రెండు గంటలు కష్టపడ్డాక ‘అబ్బ, ఎంత బాగుందో’ అనిపించడం సహజం. పైగా కాస్త గట్టిగా వినిపించేదే మనకి మంచిగా అనిపిస్తుంది. అందుకని విప్పకముందే ఒక రికార్డింగ్ చేసి పెట్టుకోండి. అదే గది, అదే దూరం, అదే గెయిన్. నేను వాడే వాక్యం ఇది: “శనివారం సంతలో సీసాడు సోంపు, చిన్న సంచిలో చింతపండు చూసి తెచ్చాను.” మోడ్ అయ్యాక అదే వాక్యం మళ్ళీ చదవండి. రెండు ఫైళ్ళ శబ్దం ఒకే స్థాయికి తెచ్చి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో ఇంకొకరికి వినిపించండి. ఒక్కో మార్పు తర్వాత ఒక్కోసారి వినాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

టీచరమ్మ గారి మైకు ఫైళ్ళు రెండూ పేర్లు తీసేసి ఆ అబ్బాయికే పంపాం. రెండు రెట్ల వేగంలో విని, మోడ్ చేసినదాన్నే ఎంచుకున్నాడు. “స ఇంకా వినబడుతోంది సార్, కానీ గుచ్చుకోవట్లేదు” అన్నాడు. మనకి కావాల్సిందీ అదే. హిస్ మాత్రం పెద్దగా తగ్గలేదు, తగ్గుతుందని నేను ఆవిడకి చెప్పనూ లేదు. ఈ మార్పుతో చవక మైకు న్యూమన్ అయిపోదు.

ఎవరు చేయకూడదు?

వారంటీ ఉన్న మైకు విప్పకండి. సోల్డరింగ్ ఎప్పుడూ చేయనివాళ్ళు మొదటి ప్రయోగం దీని మీద చేయకండి. పాత రేడియో బోర్డు ఒకటి తెచ్చుకుని నాలుగు రోజులు చేయి తిప్పుకోండి. చిన్న ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ ఉన్న బీఎం-800 వాళ్ళు ఇక్కడ చెప్పిన కెపాసిటర్ పెట్టకండి. అందులో క్యాప్సూల్ వేరు, బోర్డులు కూడా ఒక్కో లాట్‌లో ఒక్కోలా ఉంటాయి. గొట్టం, జాలీ పనులు మాత్రం మీరూ చేసుకోవచ్చు. అందులో 34 మిల్లీమీటర్ల క్యాప్సూల్ పెడతామంటే దానికి పోలరైజింగ్ వోల్టేజీ విడిగా ఏర్పాటు చేయాలి, ఊరికే వైర్లు మార్చితే పలకదు. ట్యూబ్ మైకుల పవర్ సప్లై జోలికి అసలు పోకండి. అందులో వంద వోల్టులకు పైనే ఉంటుంది, ఆపాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.

బీఎం-800కి పెద్ద క్యాప్సూల్ పెట్టే పద్ధతి చాలామంది అడుగుతున్నారు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ పోలరైజింగ్ వోల్టేజీ ఎక్కడి నుంచి తీసుకోవాలో బోర్డు మీదే చూపిస్తాను. ఈలోపు మీ మైకు విప్పకుండానే, పైన చెప్పిన వాక్యం ఒకసారి రికార్డు చేసుకుని హెడ్‌ఫోన్స్‌లో వినండి. అవసరం ఉందో లేదో మీ చెవే చెబుతుంది.